ముందు చాసిస్ నంబరు చెప్పండి

పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను గానీ, నా చేత్తో ఒక్క కారు కూడా బాగుచేయలేదు. రెంచీ పట్టుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా ఎవరో "జర గిది పట్టు" అని చేతికిచ్చినప్పుడే. నా పని విడిభాగాలు తెప్పించడం. ఎప్పుడో ఇంగ్లండులోనో ఇటలీలోనో తయారై, ఎవరి వెంటో వచ్చి మన చంద్రపూర్ దుమ్ములో చిక్కుకుపోయిన రెండు సీట్ల కారుకు ఒక రబ్బరు వాషరు కావాలనుకోండి. దాన్ని చేసిన కంపెనీకి రాయాలి, అడగాలి, బతిమాలాలి, జవాబు రాకపోతే మళ్లీ మర్యాదగా రాయాలి. జీతం ఆ మర్యాదకే.

నా కుర్చీలో ఇప్పుడు శ్రావణి కూర్చుంటోంది. రాజురా ఊరి పిల్ల. "మేడం, మీకు తెల్సిందంత రాసియ్యుండ్రి" అని తనే అడిగింది. ఇంగ్లీషులోనో మరాఠీలోనో రాస్తాననుకుంది పాపం. ఆమెకు తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. వాళ్లమ్మ చదివి వినిపిస్తుందట. మంచిదే. ఇందులో కొన్ని సంగతులు తల్లి నోటి నుంచి వింటేనే తలకెక్కుతాయి.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటే: ఏడో ఏట నా కుర్చీని ఫ్యాను కిందికి జరిపారు. చంద్రపూర్ ఎండాకాలం చూసినవాళ్లకు అది చిన్న ప్రమోషన్ కాదని తెలుసు.

పటేల్ షెడ్డు

మా నాన్న మంచిర్యాల వైపు నుంచి ఘుగ్గుస్ బొగ్గుగనికి వచ్చాడు. నేను ఏడో తరగతి దాకా మంచిర్యాలలో అమ్మమ్మ దగ్గర తెలుగులో చదివి, తర్వాత ఇక్కడ మరాఠీలో తిట్లు తింటూ చదివాను. టైపింగ్ నేర్చుకున్నాను. ఆ టైపింగే నన్ను పటేల్ దగ్గరికి తీసుకొచ్చింది.

పటేల్ వాళ్లది కోర్పనా వైపు పత్తి పండించే తెలుగు కుటుంబం. నాగపూర్‌లో కాలేజీకి పంపిస్తే అక్కడ ఎవరిదో ఎర్రటి స్పోర్ట్స్ కారు చూసి చదువు మరిచిపోయాడు. వాళ్లన్నదమ్ములు బావులు తవ్వించుకుంటుంటే ఈయన నాగపూర్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసి, పోతూ పోతూ గని దొరలు వదిలేసిన కార్లూ, రైసుమిల్లు సేఠ్‌ల గోదాముల్లో కోళ్లు లోపల గుడ్లు పెడుతున్న కార్లూ వెతికి తెచ్చి బాగుచేయించడం మొదలుపెట్టాడు. చుట్టూ లారీలు బాగుచేసే షెడ్లే. మధ్యలో మాది ఒక్కటే వింత. లారీ డ్రైవర్లు చాయ్ తాగుతూ మా కార్లను చూసి, "వీటిల ఎంత సామాను పడుతది?" అని అడిగేవారు. ఒక సూట్‌కేసు పడుతుందని చెబితే జాలిపడేవారు.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు పటేల్ మూడే ప్రశ్నలడిగాడు.

"ఇంగ్లీషు వస్తదా?"

"టైపింగ్ మంచిగొస్తది."

"కోపం వస్తదా?"

"వస్తది."

"గది తగ్గించుకో. కోపంతోని రాస్తే కంపెనోడు సామాను పంపడు. మూడో సంగతి, నీ పేరేంది?"

"గడ్డం సరోజన."

ఆయన కాసేపు నవ్వు ఆపుకున్నాడు. మా ఇంటిపేరు గడ్డం. నేనేం చేయను? సంతకం మాత్రం 'ఎస్. గడ్డం' అని పెట్టేదాన్ని. దాంతో ఇంగ్లండు నుంచి వచ్చే ఉత్తరాలన్నీ 'మిస్టర్ గడ్డం' అనే వచ్చేవి. మొదట్లో దిద్దాలనుకున్నాను. తర్వాత చూస్తే మిస్టర్ గడ్డానికి జవాబులు త్వరగా వస్తున్నాయని తోచి ఊరుకున్నాను.

షెడ్డులో పెద్ద మేస్త్రీ పోశం. ఘుగ్గుస్ గని వర్క్‌షాపులో బొగ్గు మోసే పెద్ద బండ్లు విప్పి బిగించి, అక్కడ మానేసి పటేల్ దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ ఇనుము మీద వేలు పెట్టి అది ఎంత అరిగిందో చెప్పేవాడు. తర్వాత కొలతపెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది. అప్పుడు కూడా ఆ కొలత పరికరాన్నే అనుమానంగా చూసేవాడు. నన్ను చెల్లె అనేవాడు. నేను అన్న అనేదాన్ని.

యజమానులు, వాళ్ల ప్రేమ

కొత్తగా వచ్చేవాళ్లకు నా మొదటి మాట: యజమాని చెప్పేది వినండి, రాసుకోకండి. ఫోన్ తీయగానే, "ముందు చాసిస్ నంబరు చెప్పండి" అనండి. వాళ్లు నంబరు చెప్పరు, సంవత్సరం చెబుతారు. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని సంవత్సరం బండి ఇక్కడ రిజిస్టరైన సంవత్సరం. అది పుట్టింది రెండేళ్ల ముందు కావచ్చు. సంబంధాలప్పుడు పిల్ల వయసు చెప్పినట్టే ఉంటుంది. కంపెనీలు కూడా తక్కువవి కావు. ఏడాది మధ్యలో ఒక రోజు పొద్దున లేచి గేరు పెట్టె మార్చేసేవి. సోమవారం చేసిన బండికి సరిపోయేది గురువారం చేసిన బండికి సరిపోదు. ఏ నంబరు నుంచి ఏది మారిందో వాళ్ల పాత రిజిస్టర్లలో ఉంటుంది. అందుకే బండి చట్రం మీద చెక్కిన ఆ చాసిస్ నంబరు.

నాగపూర్ నుంచి ఒక బిల్డర్ వచ్చాడు. తన కారులో ప్రతి మరా కంపెనీ బిగించినదేనని ఒట్టేశాడు. సీటు కింది స్ప్రింగు విరిగింది, అది కావాలన్నాడు. ఫోటో తీసి కంపెనీకి పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: 'ఈ స్ప్రింగు మాది కాదు, సోఫాది అనుకుంటున్నాం. కానీ చూడటానికి మా దానికంటే సుఖంగా ఉంది.' ఆ జవాబు బిల్డర్‌కు చదివి వినిపించాలా వద్దా అని పటేల్, నేను ఒక పూటంతా ఆలోచించాం. చివరికి సోఫా పనివాణ్ని పిలిచి బాగుచేయించాం. బిల్డర్ ఇప్పటికీ అది కంపెనీ స్ప్రింగే అనుకుంటున్నాడు.

ఆ జవాబు రాసింది ఇంగ్లండు కంపెనీ పాత కార్ల విభాగంలోని ఎం. హార్పర్. ఆ విభాగం అంటే పెద్ద భవనమేమీ కాదట. ఒక గోదాము, రిజిస్టర్లున్న రెండు గదులు, నలుగురు మనుషులు. తాము చేయడం మానేసి నలభై ఏళ్లయిన బండికి కూడా అడిగితే జవాబిస్తారు. ఏళ్ల తరబడి మా ఉత్తరాలన్నీ హార్పర్‌కే. నేను 'డియర్ సర్' అని రాసేదాన్ని. అటునుంచి 'డియర్ మిస్టర్ గడ్డం' అని వచ్చేది. ఈమెయిల్ వచ్చాక కూడా మర్యాద మారలేదు, వేగం మాత్రం పెరిగింది.

డాక్టర్ గారి ఆకుపచ్చ కారు

ఇక నేను చేసిన తప్పు. శ్రావణీ, మీ అమ్మను ఇక్కడి నుంచి మెల్లగా చదవమను.

డాక్టర్ సాబ్ గని ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మరాఠీ ఆయన. తెలుగు వచ్చు. కానీ ఆ తెలుగంతా గని కార్మికుల దగ్గర నేర్చుకున్నది కాబట్టి రోగాల తెలుగే. "నొప్పి ఎక్కడ? ఎప్పటి సంది? రాత్రి నిద్ర పడుతదా?" ఇంతకు మించి లేదు. కారును షెడ్డుకు తెచ్చిన రోజు కూడా అదే భాష.

"దీనికి దగ్గు. పొద్దుగాల ఎక్కువ. ముంగటి కాళ్లు వణుకుతున్నయ్."

ఆకుపచ్చ రంగు, రెండు సీట్లు, చువ్వల చక్రాలు. దేశం విడిచి వెళ్తున్న ఒక గని మేనేజరు దగ్గర డాక్టర్ పడుచుతనంలో కొన్న కారు. ఆయన భార్య సులభాతాయి రిటైరైన మరాఠీ టీచరు. ఆ కారును 'సవత్' అనేది. మనం సవతి అంటాం కదా, అదే. "నాకు చీర తేవడం మరిచిపోయారు గానీ దీనికి నూనె మార్చడం ఎన్నడూ మరువలేదు" అని మరాఠీలో అందరి ముందూ చెప్పేది. కానీ కారు కడిగేటప్పుడు అద్దం తుడిచేది ఆమే. డాక్టర్‌కు కంటి చూపు తగ్గుతోంది. ఇంకో రెండు మూడేళ్లు నడపగలనేమో అన్నాడు. అందుకే ఆయనకు తొందర.

పోశం ముందు చక్రాలు విప్పి చూశాడు. ఈ రకం కారుకు చక్రానికి నాలుగైదు బోల్టులుండవు. చక్రం నడుమ ఒకే పెద్ద నట్టు, దానికి రెండు రెక్కలు. రెక్క మీద రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. నట్టు బిగిసే ఇరుసు ముక్కను హబ్ అంటారు. దాని చుట్టూ ఉన్న పళ్లే చక్రాన్ని పట్టుకుంటాయి. డాక్టర్ కారులో ముందు రెండు హబ్‌ల పళ్లూ అరిగిపోయాయి. నట్ల రెక్కలు ఎన్నేళ్ల దెబ్బలకో వంగిపోయాయి. రెండూ కొత్తవి తెప్పించాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. కారుకు ఎడమ పక్క నట్టు మామూలు సీసా మూతలా బిగుస్తుంది. కుడి పక్కది తలకిందులు, దాని మర ఎడమకు తిరుగుతుంది. చక్రం తిరిగేకొద్దీ నట్టు వదులు కాకుండా ఇంకా బిగుసుకోవాలని అలా చేశారు. అందుకే కంపెనీ పుస్తకంలో హబ్‌కు బొమ్మ ఒక్కటే, నంబర్లు మాత్రం రెండు. పై వరసలో ఎడమది, కింది వరసలో కుడిది. తేడా చివరి అంకె ఒక్కటే.

నేను పై వరస నంబరు రాసి, పక్కన 'రెండు' అని రాశాను. నట్లకూ అంతే.

హార్పర్ నుంచి మెయిల్ వచ్చింది: 'రెండూ ఎడమ పక్కవే కావాలా? దయచేసి ఖాయం చేయండి.' ఆ రోజు నా బల్ల మీద పదకొండు ఆర్డర్లున్నాయి. 'ఆర్డర్‌లో ఉన్నట్టే పంపండి' అని కొట్టేశాను. కొంచెం విసుగ్గా కూడా కొట్టాను. నాలుగు నెలలకు పెట్టె వచ్చింది.

పోశం నట్లు రెండూ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన ఊరికే అక్కడికి వచ్చేవాడు కాదు. చేతుల నూనె కాగితాలకంటుతుందని దూరంగానే నిలబడ్డాడు.

"చెల్లె, ఒక మాట. ఈ రెండు నట్ల మీద బాణం గుర్తు ఒక్క దిక్కే చూపెడుతున్నది. పాతయాటి మీద ఒకటి గిటు, ఒకటి గటు ఉండె."

నేను డబ్బా మీది నంబరు చూశాను, నా ఆర్డర్ చూశాను. రెండూ ఒక్కటే. నా ఆర్డర్‌తో నా ఆర్డర్‌నే సరిచూసుకున్నానని అప్పుడు తోచలేదు.

"నంబరు కరెక్టే ఉందన్నా. చేసినోళ్లకు తెల్వదా? కొత్త తీరు అయి ఉంటది. బిగించు."

"గంతేనంటవా?"

"గంతే."

పోశం, చదువుకున్న చెల్లె చెప్పింది కదా అని వెళ్లి బిగించాడు.

విసాపూర్ దగ్గర

కారు తయారై నాలుగు రోజులు ఊళ్లోనే తిరిగింది. ఐదో రోజు పొద్దున డాక్టర్ దంపతులు బల్లార్పూర్ బయల్దేరారు. విసాపూర్ దాటకముందే కుడి పక్క నుంచి టిక్ టిక్ మని చప్పుడు వచ్చింది. డాక్టర్ వేగం తగ్గించాడు. ఆ తగ్గించడమే ఇద్దరినీ కాపాడింది. కారు కుడి మూల ఒక్కసారిగా కూలబడి రోడ్డును గీసుకుంటూ పోయింది. వాళ్ల పక్క నుంచి ఒక చువ్వల చక్రం పరుగెత్తుకుంటూ ముందుకెళ్లి పత్తి చేలో పడింది. "ఆ చక్రం ఎవరిదో మనదానిలాగే ఉంది" అన్నానని సులభాతాయి తర్వాత చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. కానీ ముందుకు పడబోతూ చెయ్యి ఆనించడంతో ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

కారును లారీలో షెడ్డుకు తెచ్చారు. పటేల్ అందరి ముందూ పోశంను నిలబెట్టాడు.

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ పోశం? నట్టు బిగించుడు మరిచినవా? ముసలోళ్లు సచ్చిపోతుండె. నీ చేతులు పనికి రాకుంటైతే చెప్పు, ఇంటికాడ కూసో."

నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. పోశం నావైపు చూడలేదు. 'చెల్లెను అడిగిన, బిగించమన్నది' అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆయనకు అలా అనాలని తోచనే లేదని తర్వాత తెలిసింది. తన సుత్తి దెబ్బే తక్కువైందేమోనని తననే అనుమానించుకుంటున్నాడు. పటేల్ ఆయన్ను చక్రాల పని మాన్పించి, తలుపుల తుప్పు గీకే పనికి పెట్టాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక పుస్తకం తెరిచాను. రెండు వరసలు కనబడ్డాయి. కంపెనీ తప్పు పంపిందని ఘాటుగా ఒక మెయిల్ మొదలుపెట్టాను. రుజువు కోసం పాత మెయిళ్లు తీస్తే, హార్పర్ అడిగిన ప్రశ్న, దాని కింద నా జవాబు. ఇంగ్లండు నుంచి ఒకరు, పది అడుగుల దూరం నుంచి ఒకరు, ఇద్దరూ ఒకే సంగతి అడిగారు. ఇద్దరికీ నేను ఒకే జవాబిచ్చాను.

మెయిల్ చెరిపేశాను. నిజం మాత్రం చెప్పలేదు. మూడు రోజులు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయమని రాస్తే మీరు జాలిపడతారు గానీ, అది పూర్తి నిజం కాదు. ఆ షెడ్డులో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తప్పు నా కాగితంలో ఉంటుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. ఆ గౌరవం పోతుందని బాధ. ఈ ఉద్యోగంలో మనిషిని పాడుచేసేది అదే.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాల వేళ. నీళ్ల కోసం షెడ్డు వెనక్కి వెళ్లాను. పోశం పాత హబ్ ఒకటి బల్లకున్న ఇనుప దవడల వైసులో బిగించి, దాని మీద పాత నట్టు పెట్టి, రాగి సుత్తితో కొడుతున్నాడు. కొట్టడం, చేత్తో తడమడం, విప్పడం, మళ్లీ కొట్టడం. దెబ్బలు పైకి లెక్కపెడుతున్నాడు. పక్కన అన్నం డబ్బా విప్పకుండా ఉంది.

"ఏం చేస్తున్నవన్నా?"

"ఏం లేదు చెల్లె. చెయ్యి మరిచిందేమో అని సూసుకుంటున్న."

నీళ్లు తాగకుండానే పటేల్ దగ్గరికి వెళ్లి, అందరూ ఉండగానే చెప్పాను. పోశన్న అడిగాడని, నేనే బిగించమన్నానని, ఆర్డరే తప్పని. పటేల్ పుస్తకం తెప్పించుకుని రెండు వరసలూ చూశాడు.

"ఎన్ని దినాలైంది నీకు తెల్సి?"

"నాలుగు."

"తప్పు చేసుడు ఒక దినం. దాచుడు నాలుగు దినాలు. ఇప్పుడు డాక్టర్ సాబ్ ఇంటికి పొయ్యి చెప్పు. నేను రాను."

పోశంతో మాత్రం ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ చక్రాల పనికి రమ్మన్నాడు, అంతే. పటేల్ మంచి యజమాని. కానీ 'నాదే తప్పు' అనే మాట ఆయన గొంతులో పత్తిగింజలా అడ్డం పడేది.

డాక్టర్ తీర్పు

డాక్టర్ గారింట్లో తలుపు తీసింది సులభాతాయి, చేతికి కట్టుతో. డాక్టర్ వంటింట్లో సగ్గుబియ్యం కిచిడీ మాడుస్తున్నాడు. కూర్చోబెట్టి అంతా విన్నారు.

డాక్టర్ గరిటె పట్టుకునే చెప్పాడు. "ఒకసారి నేను చిట్టి మీద 'ఎడమ కాలు' అని రాసిన. విరిగింది కుడి కాలు. కంపౌండర్ ఎడమ కాలుకు కట్టు తెచ్చిండు. రోగి అన్నడు, సార్, నొప్పి గీ కాలుకు అని. నేను చిట్టి చూడలే. రోగిని చూసిన."

"కారుకు నోరు లేదు కదా సార్."

"కారుకు లేదు. పోశంకు ఉంది గదా."

సులభాతాయి, "ఎడమ చెయ్యే కదా. ఆరు వారాలు ఈయన వంట తినడమే అసలు శిక్ష. అది కూడా నీ ఖాతాలోనే" అని మరాఠీలో అంది. కిచిడీ తినిపించే పంపారు. శిక్ష సంగతి నిజమే.

పదమూడు మంది కావాలి

మర్నాడు హార్పర్‌కు జరిగింది జరిగినట్టు రాశాను. నా జవాబు వల్ల ఒక చక్రం ఊడిందని, ఒకామె చెయ్యి విరిగిందని, తప్పు మీది కాదని. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. తమ ఫ్యాక్టరీలోనే ఒకప్పుడు ఈ తప్పు జరిగేదట. అందుకే నట్ల మీద బాణం గుర్తులు పెట్టారట. తర్వాత చేదు వార్త: కుడి పక్క హబ్ ఒక్కటీ మిగల్లేదు. అచ్చు ఉంది గానీ, ఇరవై ఆర్డర్లు వస్తే తప్ప ఆ విడత చేయరు. తన దగ్గర ఏడు పేర్లున్నాయి.

అంటే డాక్టర్‌ది కలిపి ఇంకా పదమూడు కావాలి. ఈ దేశంలో ఆ కార్లు ఎవరి దగ్గరున్నాయో కొంత నాకు తెలుసు, కొంత పటేల్‌కు తెలుసు. ఫోన్లు మొదలుపెట్టాను. పుణేలో ఒకాయన తన కారు కొత్త పెళ్లికూతురిలా ఉందని, ఏమీ అక్కర్లేదని కోప్పడ్డాడు. ఎందుకైనా మంచిది ఒకసారి హబ్ పళ్లు చూసుకోమన్నాను. వారానికి ఆయనే ఫోన్ చేశాడు, గొంతు తగ్గించి. హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషి ఆర్డర్ ఇస్తానన్నాడు, కానీ ముందు తన కారు చరిత్ర వినాలన్నాడు. మూడు ఫోన్లలో విన్నాను. అందులో కారు గురించి ఉన్నది అరగంట, మిగతాది వాళ్ల మామగారి గురించి. నీలగిరిలో ఒక టీ తోట, కలకత్తాలో అన్నదమ్ములిద్దరు, కొలంబోలో ఒక వకీలు. ప్రతి ఒక్కరినీ ముందు చాసిస్ నంబరే అడిగాను. ప్రతి నంబరునూ పోశం ముందు పైకి చదివాను. ఆయనకు అంకెలు వచ్చు. ఒకచోట మూడును ఎనిమిదిగా చదివితే ఆయనే పట్టుకున్నాడు.

ఐదు నెలలకు పన్నెండు మంది అయ్యారు. పదమూడో మనిషి దొరకలేదు. డాక్టర్‌కు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా మసకగానే ఉంది. ఇక లాభం లేదనుకుని హార్పర్‌కు రాశాను, మా పన్నెండుతోనే చేయగలరా అని. జవాబు ఇలా వచ్చింది: 'పదమూడోది నా పేరున రాసుకున్నాను. మా నాన్న కారు గరాజులో ఉంది, దానికీ ఇది కావాలి. ఇన్నాళ్లూ బద్ధకించాను. ఇంకో సంగతి, మిస్టర్ గడ్డం, ఇన్నేళ్లుగా మీరు నన్ను సర్ అంటున్నారు. నా పేరు మార్గరెట్.'

షెడ్డంతా వినేలా నవ్వాను. తర్వాత తిరుగు మెయిల్ రాశాను, నేనూ మిస్టర్‌ను కానని, మా ఇంటిపేరుకు మా భాషలో అర్థం ఏమిటో కూడా. ఆ మెయిల్‌ను వాళ్లు గోడకు అంటించారట.

మళ్లీ రోడ్డు మీదికి

పెట్టె వచ్చిన రోజు నేను విప్పలేదు. పోశంను పిలిచాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, ఎడమ నట్టు, కుడి నట్టు పక్కపక్కన పెట్టి బాణాల మీద వేలు ఆడించాడు. ఒకటి అటు, ఒకటి ఇటు. తర్వాత నన్ను చదవమన్నాడు. చదివాను. అప్పుడు బిగించాడు.

కారు మొదటిసారి బయటికి తీసేటప్పుడు డాక్టర్ పక్క సీట్లో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చింది. సులభాతాయి వెనక్కి తగ్గింది. "సామాను తెప్పించింది సరోజన. ముందు తనే కూర్చోవాలి. నేను జీపులో వెనకాల వస్తాను. వెనక నుంచైతే ఏది ఊడినా ముందే కనబడుతుంది." అప్పటిదాకా ఇరవై ఏళ్లలో నేను ఆ కార్లలో ఎక్కింది లేదు. ఎక్కాను. సీటు నేలకంత దగ్గరగా ఉంటుందని అప్పుడు తెలిసింది. విసాపూర్ వచ్చేదాకా కుడి వైపు నుంచి చెవి తిప్పలేదు. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక పటేల్ జీపు, అందులో సులభాతాయి, పోశం.

విసాపూర్ దాటి డాక్టర్ ఆపాడు. పోశం దిగి వచ్చి కుడి నట్టు మీద చెయ్యి పెట్టాడు. బయల్దేరేముందు నట్టు మీదా హబ్ మీదా కలిపి సుద్దతో ఒక గీత గీశాడట. ఆ గీత విరగలేదు, పైగా వెంట్రుకంత బిగుతువైపు జరిగింది.

"మంచిగున్నది" అన్నాడు.

డాక్టర్ దిగి తాళం ఆయన చేతిలో పెట్టాడు. "తిరుగు ప్రయాణం నువ్వు. నా కన్ను అలిసింది." కన్ను అలిసిందో లేదో నాకు తెలియదు. పోశం అన్నేళ్లలో ఆ కార్లను షెడ్డు ముంగిట్లో ముందుకూ వెనక్కూ జరపడమే గానీ రోడ్డు మీద నడపలేదు. సులభాతాయి వచ్చి పక్కన కూర్చుంది. డాక్టర్, నేను జీపెక్కాం.

పోశం మొదట ఎద్దుబండిలా కదిలించాడు. తర్వాత ఏమైందో, ఆకుపచ్చ కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పటేల్ జీపును ఎంత తొక్కినా అందలేదు.

"గింత జోరు వీనికి యాడికెల్లి వచ్చింది?" అన్నాడు పటేల్. తర్వాత రోడ్డు మీదే చూపుంచి, "గా దినం పోశంను అనరాని మాటన్న" అన్నాడు.

"మాకెందుకు చెప్తవ్? ఆయనకు చెప్పు" అన్నాడు డాక్టర్.

మేం షెడ్డు చేరేసరికి కారు నీడలో ఆగి ఉంది. సులభాతాయి లోపల చాయ్ తాగుతోంది. పోశం గుడ్డతో ముందు అద్దం తుడుస్తున్నాడు. పటేల్ జీపు దిగి, నేరుగా వెళ్లి ఆయన పక్కన నిలబడి, నేల చూస్తూ మెల్లగా చెప్పాడు.

"పోశం, గా రోజు తప్పు నాది. నిన్ను అడగకుండనే తిట్టిన."

పోశం తుడవడం ఆపలేదు.

"ఇంజన్ చప్పుడుల ఇనవడలే పటేలా. ఇంకొక్కసారి చెప్పు."

అప్పటికి ఇంజన్ ఆపి చాలాసేపైంది. పటేల్ ఇంకొకసారి చెప్పాడు, ఈసారి అందరికీ వినబడేలా.